పరుగుకి పద్దు రాయండి

"పరిగెత్తకు, పడతావ్!"

మన ఇళ్ళల్లో "అన్నం తిను", "పుస్తకం తియ్యి" అన్నవాటి తర్వాత పిల్లల చెవిన ఎక్కువసార్లు పడే మాట ఇదే అయి ఉంటుంది. ఈ మాట అనే తల్లిని తప్పుపట్టే వ్యాసాలు చాలా చదివాను. పిల్లల్ని గాజుబొమ్మల్లా పెంచుతున్నామనీ, చేతికి సెల్‌ఫోనిచ్చి మూల కూర్చోబెడుతున్నామనీ, వెనకటి తల్లులు ఇలా ఉండేవారు కాదనీ వాటి సారాంశం. అవి రాసినవాళ్ళు ఏ మధ్యాహ్నం పూటో తలుపులేసుకుని రాసి ఉంటారు. సాయంత్రం ఐదింటికి మా బెజవాడలో ఏదో ఒక సందు చివర పదేళ్ళ పిల్ల చెయ్యి పట్టుకుని ఐదు నిమిషాలు నిలబడి ఉంటే ఆ వ్యాసం వేరేగా వచ్చేది. ఒక వైపు నుంచి స్కూలు ఆటో, ఇంకో వైపు నుంచి ఎదురుదారిలో మోటారుసైకిలు, కాళ్ళ దగ్గర మూత లేని మురుక్కాలవ, నడిచేవాళ్ళ కోసం వేసిన గట్టు మీద ట్రాన్స్‌ఫార్మరు, దాని పక్కన ఇడ్లీబండి. (ఇడ్లీబండి మీద నాకేమీ కోపం లేదు. రాత్రి ఎనిమిదింటికి మా సందులో ఆడపిల్లలు ధైర్యంగా నడుస్తున్నారంటే ఆ బండి దగ్గర వెలిగే దీపం వల్లే.) ఇంత మధ్యలో "పరిగెత్తకు" అనక ఏమంటుంది ఆ తల్లి?

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్ళు 1,68,491 మంది. కేంద్ర రవాణా శాఖ ప్రకటించిన లెక్క ఇది. అందులో ఇంచుమించు ఐదోవంతు తమ మానాన తాము నడిచి వెళ్తున్నవాళ్ళు. కాబట్టి తల్లి భయాన్ని గారాబం అనకండి. భయపడొద్దని ఆవిడకి నీతులు చెప్పేకంటే, భయపడక్కర్లేని దారి ఒకటి వేసి చూపించండి. మైలు పొడుగున్నా చాలు, అరమైలున్నా చాలు. బండ్లు రాని దారి, పిల్లలు పరిగెత్తే దారి. డబ్బేదీ అంటారు కదూ? చెబుతాను. ఆ డబ్బు సంగతి చెప్పడానికే ఈ వ్యాసం మొదలుపెట్టాను.

ముందు అసలు ఈ పరుగు దేనికో ఒక్క మాట. ఐదేళ్ళ నుంచి పదిహేడేళ్ళ వరకూ పిల్లలు రోజుకి సగటున గంటసేపు ఒళ్ళు అలిసేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ సంస్థ నిపుణులే 2019లో 146 దేశాల లెక్కలు ప్రకటించారు. పదకొండు నుంచి పదిహేడేళ్ళ లోపు వాళ్ళలో 81 శాతం మందికి ఆ గంట దొరకడం లేదట. మగపిల్లల్లో 78 శాతం, ఆడపిల్లల్లో 85 శాతం. చూశారా, ప్రపంచం మొత్తం మీద కూడా ఆడపిల్ల వాటా అక్కడా తక్కువే. ఆరుబయట వెలుతురులో ఎక్కువసేపు గడిపే పిల్లలకి చిన్నప్పుడే కళ్ళజోడు పడే అవకాశం తగ్గుతుందని కూడా పరిశోధనలు తేల్చాయి. మా అపార్ట్‌మెంట్లో నాలుగో తరగతి పిల్లలు తొమ్మిది మంది ఉంటే అందులో నలుగురికి అద్దాలున్నాయి. ఇది ఏ పరిశోధనా కాదు లెండి, లిఫ్టు దగ్గర నిలబడి నేను లెక్కపెట్టింది.

పిల్లలు పరిగెత్తాలంటే పతకాలు తేవాలనేమీ లేదు. ఈ సంగతి గట్టిగా చెప్పాలి, ఎందుకంటే మనవాళ్ళకి ఏదైనా సరే ర్యాంకు లేకపోతే రుచించదు. విశాఖపట్నం అమ్మాయి యర్రాజీ జ్యోతి 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో హర్డిల్స్ పరిగెత్తితే అందరం టీవీల ముందు కూర్చున్నాం. వాళ్ళమ్మ ఇళ్ళల్లో పనిచేసి, ఆస్పత్రిలో ఊడ్చి ఆ పిల్లని పెంచింది. చాలా గొప్ప విషయమే. కానీ ఆ మర్నాడే మా వీధిలో ఒకాయన కూతుర్ని కోచింగులో చేర్పిస్తానని బయల్దేరాడు. పిల్లకి పరుగంటే ఇష్టమా అని అడిగినవాళ్ళు లేరు. నేను మాట్లాడుతున్నది ఆ పరుగు గురించి కాదు. ఊరికే పరిగెత్తడం గురించి. ఎవరూ చూడకపోయినా, గెలవకపోయినా, ఆయాసంతో నవ్వుకుంటూ ఇంటికొచ్చి మంచినీళ్ళు అడగడం గురించి. మా అమ్మమ్మగారి ఊళ్ళో కాలవ గట్టు మీద మేమలాగే పరిగెత్తేవాళ్ళం. దాన్నెవరూ వ్యాయామం అనలేదు.

మరి ఊళ్ళో పార్కులు లేవా అంటారు. ఉన్నాయి. మా కాలనీలోనూ ఒకటుంది. గేటు మీద బోర్డు: "పరుగెత్తరాదు, బంతి ఆడరాదు, గడ్డిపై నడవరాదు." కింద పార్కు వేళలు. చదివితే ఇది పార్కా, ఆస్పత్రా అని అనుమానం వస్తుంది. లోపల చుట్టూ సిమెంటు పలకలు పరిచిన బాట ఉంది. వానాకాలం రెండు చినుకులు పడితే దాని మీద పాచి పట్టి పెద్దవాళ్ళే జారిపడుతున్నారు. పొద్దున్నే చక్కెర జబ్బున్న పెద్దవాళ్ళు నడుస్తారు, నడవాలి కూడా. పిల్లవాడొకడు వాళ్ళ మధ్యలోంచి దూసుకుపోతే "ఏరా, కళ్ళు కనబడవా" అంటారు. వాళ్ళదీ తప్పు కాదు. మోకాలి ఆపరేషను చేయించుకున్న మనిషికి పిల్లాడి భుజం తగిలితే ఆవిడ మళ్ళీ మంచం ఎక్కాల్సిందే. తప్పల్లా ఆ బాట వెడల్పుది. ఇద్దరు పక్కపక్కన కబుర్లాడుకుంటూ నడుస్తుంటే మూడోవాడు పక్కనుంచి పరిగెత్తి దాటిపోయేంత జాగా ఉండాలి. ఆ మాత్రం ఆలోచన ఆ బాట గీసినవాళ్ళకి రాలేదు. ఫౌంటెన్‌కి మాత్రం జాగా దొరికింది. దానిలో నీళ్ళు ఎగరడం ప్రారంభోత్సవం రోజు చూశాం.

పెద్ద మైదానాల సంగతి చూద్దాం. బందరు రోడ్డు మీద ఇందిరాగాంధీ మునిసిపల్ స్టేడియం ఉంది. పంద్రాగస్టుకీ, ఇంకా పెద్ద సభలకీ పందిళ్ళు అక్కడే వేస్తారు. స్వరాజ్య మైదానం ఉండేది. ప్రతి జనవరిలో పుస్తకాల పండగ జరిగిన చోటు అది. 2024 జనవరి నుంచి అక్కడ అంబేద్కర్ గారి స్మృతివనం ఉంది. పిల్లల్ని తీసుకెళ్ళి చూపించాల్సిన చోటే. అయితే అది తలెత్తి నిలబడి చూసే చోటు, పరిగెత్తే చోటు కాదు. పోయిన ఖాళీకి బదులు ఖాళీ ఇంకెక్కడ చూపిస్తారు అని అడగడం ఆ మహానుభావుణ్ణి తక్కువ చెయ్యడం కాదు. 2011 జనాభా లెక్కల నాటికే ఈ నగరంలో 61.88 చదరపు కిలోమీటర్లలో 10 లక్షల 34 వేల మంది ఉన్నారు. నగరాల్లో తలకి 10 నుంచి 12 చదరపు మీటర్ల ఖాళీ స్థలం ఉండాలని కేంద్రం 2014లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. అంటే మనిషికి ఒక పడగ్గదంత. మా ఇంట్లో నలుగురం. మా వాటాకి రావలసిన నాలుగు గదుల జాగా ఈ ఊళ్ళో ఎక్కడుందో ఎవరైనా చూపిస్తే వెళ్ళి దణ్ణం పెట్టుకొస్తాను.

అయితే బెజవాడకి వేరే ఊళ్ళకి లేని అదృష్టం ఒకటుంది. మూడు కాలవలు. ఏలూరు కాలవ, రైవస్ కాలవ, బందరు కాలవ. కృష్ణ మీద 1855లో పూర్తయిన ఆనకట్ట పుణ్యమా అని పుట్టి, ఇప్పుడు ప్రకాశం బరాజు దగ్గర నీళ్ళు తీసుకుని ఊరి మధ్యలోంచి పోతాయి. ఒకప్పుడు వీటిలో పడవలు నడిచాయి. కాలవకి రెండు పక్కలా గట్లు. గట్టంటే ఏమిటి? సన్నగా, పొడుగ్గా, అడుగడుక్కీ అడ్డరోడ్లు లేకుండా సాగే మట్టిదారి. పరుగుదారి అంటే కూడా సరిగ్గా అదే కదా! ఊళ్ళో గజం ధర చూసి గుండెలు బాదుకుంటున్న ఈ రోజుల్లో, ఒక్క గజం కూడా కొనక్కర్లేకుండా ప్రభుత్వం చేతిలోనే ఉన్న స్థలం అది.

మరి ఇప్పుడక్కడ ఏముంది? కొన్ని చోట్ల రెయిలింగు కట్టి, మొక్కలు పెట్టి, బొమ్మలు గీశారు. బాగానే ఉంది. ఇంకొన్ని చోట్ల చెత్తకుప్పలు, ఇసుక గుట్టలు, పాత కార్లు. వేసవిలో కాలవలకి నీళ్ళు కట్టేశాక ఊరి మురుగంతా పైకి తేలి ముక్కు మూసుకోవాల్సిందే. గట్టు ఒక శాఖది, గట్టు మీది చెత్త ఇంకో సంస్థది. ఇద్దరూ ఒక బల్ల ముందు కూర్చుంటే తప్ప ఏ పనీ కాదు.

గట్ల మీద మనుషులున్నారు. ఈ మాట దాటేసి పరుగుదారి గురించి రాయడం నాకు చేతకాదు. తాటాకు, రేకులు, ప్లాస్టిక్ పట్టాలు కప్పుకుని ఏళ్ళ తరబడి కాపురముంటున్న కుటుంబాలు. మన ఇళ్ళల్లో అంట్లు తోమే ఆడవాళ్ళు, మన అపార్ట్‌మెంట్లకి రాళ్ళెత్తిన మగవాళ్ళు. "సుందరీకరణ" అన్న మాట వినపడితే వాళ్ళ గుండెల్లో రాయి పడుతుంది. గట్ల మీది ఇళ్ళు తీసేసి ఊరి చివరి కాలనీలకి పంపడం ఈ ఊరికి కొత్త కాదు. ఇల్లొచ్చింది నిజమే, కానీ పని ఇక్కడ, ఇల్లక్కడ. తెల్లవారుజామున రెండు ఆటోలు మారి పనికి వచ్చే మనిషి తన పిల్లని ఏ వేళకి బడికి పంపుతుంది? నా పిల్ల పరిగెత్తడానికి ఇంకో పిల్ల ఇల్లు తీసెయ్యాలంటే ఆ దారి నాకొద్దు. ఇల్లు లేని జాగాలోనే మొదలుపెట్టండి. అలాంటి జాగా చాలానే ఉంది, చెత్త ఎత్తేస్తే కనపడుతుంది. ఇళ్ళున్న చోట వాళ్ళ ముందు నుంచే దారి వెయ్యండి, దీపాలు పెట్టండి. ఈ ఊళ్ళో నిజంగా పరిగెత్తే పిల్లలంటూ ఉంటే వాళ్ళే. చెప్పుల్లేని కాళ్ళతో, పాత టైరు తోసుకుంటూ, కాలవ పక్కనే. ఆ పిల్లల్ని చూసి ఎన్నిసార్లు నా గుండె ఆగిపోయిందో. ఒక్క అడుగు తప్పితే నీళ్ళు. నీటివైపు నడుం ఎత్తున గట్టి వల కట్టమని అడగడానికి ముందు హక్కు వాళ్ళది, తర్వాతే మనది.

భద్రమైన దారి అంటే పెద్ద ఇంజనీరింగేమీ కాదు. నేల మట్టిదో, గ్రావెల్ పోసి తడిపి చదును చేసిందో కావాలి. ఎండకి కాలే సిమెంటు వద్దు, నున్నటి పలకలు అంతకంటే వద్దు. బెజవాడ ఎండ గురించి చెప్పక్కర్లేదు, కానుగో వేపో రెండు వైపులా ఉంటే తప్ప మార్చి దాటాక ఆ దారి ఎవరికీ పనికిరాదు. మోటారుసైకిళ్ళు జొరబడకుండా రెండు చివరలా ఇనుప గుంజలు పాతాలి, చక్రాల కుర్చీ పట్టేంత సందు వదలాలి. నీళ్ళలో పడతారేమోనని అందరూ భయపడతారు కానీ, గట్టు మీద నేను చూసిన ప్రమాదాలన్నీ దగ్గరదారి అని దూసుకొచ్చే మోటారుసైకిళ్ళతోనే.

ఆడపిల్లల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మా అమ్మాయికి పదకొండేళ్ళు. కిందటేడు దాకా వాళ్ళన్నతో పాటు మేడ మీద పరిగెత్తేది. ఇప్పుడు పక్కింటి పిన్నిగారు "ఇంకా ఏం పరుగులమ్మా, పెద్దదానివవుతున్నావ్" అంటున్నారు. ఆవిడ చెడ్డ మనిషి కాదు. నాకు జ్వరమొస్తే చారు పెట్టి పంపే మనిషి. ఆవిడకి ఎవరో చెప్పింది ఆవిడ చెబుతోంది. కానీ పన్నెండో ఏట పరుగు మానేసిన పిల్ల మళ్ళీ ఎప్పుడు మొదలుపెడుతుంది? నలభయ్యో ఏట డాక్టరు చీటీ రాసిస్తే అప్పుడు, బూట్లు కొనుక్కుని, పార్కులో, నడకతో. మధ్యలో ఆ ముప్ఫై ఏళ్ళు ఏమైనట్టు?

ఆడపిల్ల ఆ దారిలో కనబడాలంటే ఏం కావాలో మగవాళ్ళు గీసిన ప్లానుల్లో సాధారణంగా ఉండదు. మొదటిది మరుగుదొడ్డి. నీళ్ళున్నదీ, లోపల గడియ పడేదీ, తాళం వేసి తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలియనిది కాదు. చలికాలంలో పొద్దు ఐదున్నర దాటగానే వాలిపోతుంది, ట్యూషన్లు వదిలేసరికి చీకటే. కాబట్టి దీపాలు. దీపాలంటే పైన ఎక్కడో ఒక పెద్ద లైటు కాదు, దారి పొడుగునా మనిషి మొహం కనపడేట్టు చిన్నచిన్నవి. అడ్డంగా పెరిగిన పొదలు కొట్టెయ్యాలి. కూర్చునే బెంచీలు దారివైపు తిరిగి ఉండాలి. మా పార్కులో బెంచీలన్నీ ఫౌంటెన్ వైపు తిరిగి ఉన్నాయి, వెనక పిల్లలు ఏం చేస్తున్నారో తెలియాలంటే మెడ తిప్పుకుని కూర్చోవాలి. ఆ దారి పక్కన కూరగాయల బుట్టతో ఒకామె, పూలమ్మే ఇంకొకామె, పునుగుల బండి ఒకటి ఉండనివ్వండి. వాళ్ళని తరిమేసి సీసీ కెమెరా పెట్టడం చాలాచోట్ల చూశాను. కెమెరా ఎవరినీ "ఏయ్, ఏంటా వేషాలు" అని గదమాయించదు. పూలామె గదమాయిస్తుంది.

ఇక డబ్బు.

పార్కులు, తోటలు, ఆటస్థలాలు చూసుకునే పని పురపాలక సంస్థలకి అప్పగించవలసినదని రాజ్యాంగంలోనే ఉంది. 1992లో చేసిన 74వ సవరణ పన్నెండో షెడ్యూలు చేర్చింది, అందులో పన్నెండో అంశమే ఇది. 2015లో వచ్చిన అమృత్ పథకంలో కేటాయింపులో 2.5 శాతం దాకా పార్కులకి ఖర్చు పెట్టుకోవచ్చన్నారు, పిల్లలకి అనువుగా ఉండాలని కూడా అన్నారు. లాభాల్లో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చెయ్యాలని పెద్ద కంపెనీలకి 2013 చట్టం చెప్పింది, ఆ జాబితాలో రోగాలు రాకుండా చూసే ఆరోగ్య కార్యక్రమాలున్నాయి. కాబట్టి డబ్బే లేదనే మాట నేను నమ్మను.

కానీ ఈ డబ్బులన్నిటికీ ఒక గుణం ఉంది. కట్టడానికి వస్తాయి, చూసుకోవడానికి రావు. ప్రారంభోత్సవం నాడు రిబ్బను, శిలాఫలకం, ఫొటో. ఆర్నెల్లకి లైట్లు పోతాయి, ఏడాదికి గడ్డి మొలుస్తుంది, రెండో ఏడాది గేటుకి తాళం. ఇల్లు నడిపే ఆడదానికి ఇది చెప్పక్కర్లేదు. మిక్సీ కొనడం ఒకనాటి ఖర్చు, రోజూ పప్పు రుబ్బుకోవాలంటే కరెంటు బిల్లు నెలనెలా కట్టాలి. పరుగుదారికి కావలసింది కోట్ల రూపాయల శంకుస్థాపన కాదు. ఇద్దరు ఊడ్చే మనుషులు, ఇద్దరు కాపలా మనుషులు (అందులో ఒకరు ఆడమనిషి), పోయిన బల్బు వారంలో మార్చే బాధ్యత ఒకరికి, ఏడాదికోసారి వానలు వెలిశాక గ్రావెల్. ఈ జీతాలూ ఈ ఖర్చులూ ప్రతి ఏటా బడ్జెట్లో ఒక వరుసగా కనబడాలి. "పిల్లల పరుగుదారులు, నిర్వహణ" అని. అంకె చిన్నదైనా పర్వాలేదు, ఆ వరుసంటూ ఉండాలి. వరుస లేని ఖర్చుకి మా ఇంట్లోనే దిక్కు లేదు.

ఇంకో డబ్బు ఉంది. దాని గురించి ఎవరూ మాట్లాడగా నేను వినలేదు. కొత్తగా లే అవుటు వేసినవాళ్ళు అందులో పదోవంతు స్థలం పార్కుకీ ఆటలకీ ఖాళీగా వదలాలని నిబంధన. చాలామంది వదల్లేదు. అలా వదలని లే అవుట్లలో, తెలిసో తెలియకో, మనలాంటివాళ్ళం ప్లాట్లు కొన్నాం. మా ఆయన ఊరి బయట కొన్న 150 గజాలు అలాంటిదే. 2020లో క్రమబద్ధీకరణ పథకం వచ్చినప్పుడు డబ్బు కట్టాం. ఆ డబ్బులో జరిమానా ఒక భాగం. ఖాళీ స్థలం వదలనందుకు బదులుగా ప్లాటు విలువలో 14 శాతం ఇంకో భాగం. రశీదు బీరువాలో పట్టుచీరల కింద ఉంది. ఈ వ్యాసం రాయడానికి ముందు తీసి మళ్ళీ చదివాను. ఆంధ్రలోనూ తెలంగాణలోనూ ఇలా కట్టిన కుటుంబాలు మీ వీధిలోనే ఉండి ఉంటాయి, అడిగి చూడండి.

ఆ 14 శాతం దేనికి? పిల్లలకి దక్కకుండా పోయిన ఆటస్థలం ఖరీదు అది. అంటే పిల్లల జాగాకి మనం ఒకసారి డబ్బు కట్టేశాం. కట్టిన డబ్బు జాగాగా మారి మన వీధికి రావాలి కదా! దానితో రోడ్డు వేశామనో, జీతాలకి సరిపెట్టామనో అంటే ఒప్పుకోవడానికి వీల్లేదు. పాల డబ్బు పాలకే. ఈ రుసుం కింద ఊరి మొత్తం మీద ఎంత వచ్చిందీ, అందులో ఖాళీ స్థలాల మీద ఎంత పెట్టిందీ, సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలు కట్టి ఎవరైనా అడగొచ్చు. నేను దరఖాస్తు రాసి పెట్టుకున్నాను.

టిక్కెట్టు పెడితే సరిపోదా అన్నారు మా వారు. పెద్దవాళ్ళకి నెలపాసు పెట్టుకోండి, నాకు అభ్యంతరం లేదు. పిల్లల దగ్గర మాత్రం పైసా తీసుకోకూడదు. ఇంగ్లండులో బ్రిస్టల్ దగ్గర లిటిల్ స్టోక్ అనే చోట ప్రతి శనివారం జనం పార్కులో ఉచితంగా పరిగెత్తేవారు. 2016లో అక్కడి స్థానిక కౌన్సిలు, బాట అరిగిపోతోంది, మరమ్మతుకి డబ్బు ఇవ్వండని తీర్మానించింది. ఆ పరుగు అక్కడ ఆగిపోయింది. ఆ కౌన్సిలు బాధ నాకు అర్థమవుతుంది, అరిగిన బాటకి ఎవరో ఒకరు పెట్టాలి కదా. కానీ గట్టు మీద గుడిసెలోని పిల్ల ఐదు రూపాయలు తెమ్మంటే తేదు. రెండో రోజు నుంచి రాదు. రాకపోతే ఎవరూ గమనించరు కూడా.

దారి వేసేలోపు ఖర్చు లేని పనులు కొన్ని ఉన్నాయి. విశాఖలో బీచ్ రోడ్డు మీద పొద్దున్న పూట కొంతసేపు బండ్లు ఆపేస్తారు. ఎంత రోడ్డు, ఎంత గాలి! హైదరాబాదులో 2021లో ఆదివారం సాయంత్రాలు ట్యాంక్‌బండ్ మీద బండ్లు ఆపి జనానికి వదిలేశారు. పిల్లలు రోడ్డు మధ్యలో పరిగెత్తుతుంటే తల్లులు "పడతావ్" అనకుండా చూస్తూ నిలబడ్డారు. అదే హైదరాబాదులో 2023 అక్టోబరులో అవుటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిలు దారి ప్రారంభించారు, పైన సౌర పలకల కప్పుతో. అందమైన దారే. అయితే ఊరి మధ్య సందులో ఉండే పిల్ల అక్కడికి చేరాలంటే ముందు ఇంట్లో కారుండాలి. పిల్లల దారి ఇంటికి పదినిమిషాల నడకలో లేకపోతే లేనట్టే లెక్క.

బళ్ళ సంగతి తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. విద్యాహక్కు చట్టం 2009 ప్రకారం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలి. మూడంతస్తుల అపార్ట్‌మెంట్లో నడిచే బడికి ఆటస్థలం ఎక్కడుంటుందో ఆ అనుమతి ఇచ్చినవాళ్ళకే తెలియాలి. డ్రిల్లు పీరియడ్‌ని లెక్కల మాస్టారు ఎత్తుకుపోవడం మన చిన్నప్పుడూ ఉంది, ఇప్పుడు అది టైంటేబుల్లోనే లేదు. స్కాట్లండులో స్టిర్లింగ్ పట్టణంలో 2012లో ఒక ప్రధానోపాధ్యాయురాలు తన బడి పిల్లలందరినీ రోజూ పదిహేను నిమిషాలు బయటికి తీసుకెళ్ళి నడవడమో పరిగెత్తడమో మీ ఇష్టం అని వదిలేసింది. ప్రత్యేకం దుస్తులు లేవు, పోటీ లేదు, మాస్టారు లేడు. అది ఎన్నో దేశాలకి పాకింది. కాలవకి దగ్గరున్న బళ్ళు ఆ పదిహేను నిమిషాలు గట్టు మీద గడపొచ్చు, గట్టు అందుకు తగ్గట్టు ఉంటే.

పురపాలక బడ్జెట్లు మార్చి లోపల తయారవుతాయి. అంటే మనం అడగాల్సింది సంక్రాంతికి ముందే. ముగ్గుల పోటీలకి మనల్ని పిలిచే కార్పొరేటర్లని, కౌన్సిలు లేని రోజుల్లో అయితే కమిషనరుని. మా అపార్ట్‌మెంట్లో ఆరుగురం, మా పనిమనిషీ, గట్టు మీద ఆమె ఇంటి చుట్టుపక్కలవాళ్ళు మరో తొమ్మిది మంది కలిసి ఒక అర్జీ రాశాం. మరుగుదొడ్డి మాట మొదట రాయమని పట్టుబట్టింది వాళ్ళే. నా భాష చూసి "ఇంత పెద్ద మాటలెందుకమ్మా, గట్టు మీద లైటెయ్యమని రాయి" అన్నారు. అలాగే మార్చాను. అర్జీకి జతగా బీరువాలో రశీదు జిరాక్సు పెట్టాం. ఇంకో నలుగురి రశీదులు కూడా దొరికాయి. సోమవారం అర్జీలు తీసుకుంటారు, పదింటికల్లా వరుసలో ఉండాలి. ఆ రోజుకి వంట ముందు రోజు రాత్రే చేసి పెట్టుకోవాలి.